సెంట్రోమియర్ ప్రొటీన్లను మైక్రోస్కోప్‌లో చూడటం, ఆ చుక్కల్ని చదవడం ఎలా?

పాఠ్యపుస్తకంలో క్రోమోజోమ్ బొమ్మ అంటే ఎక్స్ ఆకారం, దాని మధ్యలో సన్నటి నడుము. ఆ నడుమే సెంట్రోమియర్. కణం రెండుగా విడిపోయేటప్పుడు స్పిండిల్ తంతువులు (మైక్రోట్యూబ్యూల్స్ అనే సన్నటి ప్రొటీన్ గొట్టాలు) వచ్చి పట్టుకునేది అక్కడే. బొమ్మ చూస్తే డీఎన్‌ఏ కాస్త నొక్కుకుపోయిన చోటు అనిపిస్తుంది, అంతే. కానీ సెంట్రోమియర్ ఎక్కడ ఉండాలన్నది చాలా జీవుల్లో డీఎన్‌ఏ అక్షరాల కంటే దాని మీద కూర్చున్న ప్రొటీన్లే ఎక్కువగా నిర్ణయిస్తాయి.

మనిషి సెంట్రోమియర్లలో 171 బేస్ జతల ఆల్ఫా శాటిలైట్ వరస వేల సార్లు రిపీట్ అవుతుంది, నిజమే. అయితే 1993లో పదో క్రోమోజోమ్ నుంచి పుట్టిన ఒక మార్కర్ క్రోమోజోమ్‌లో ఆల్ఫా శాటిలైట్ జాడే లేకుండా చక్కగా పనిచేసే సెంట్రోమియర్ బయటపడింది. ఇలాంటి వాటిని నియోసెంట్రోమియర్లు అంటారు. దీనికి తిరగేసిన ఉదాహరణలూ ఉన్నాయి. రెండు సెంట్రోమియర్లున్న క్రోమోజోముల్లో ఒకటి మూతపడుతుంది. ఆల్ఫా శాటిలైట్ అక్కడే ఉంటుంది, పని మాత్రం చేయదు. అందుకే సెంట్రోమియర్‌ను నిజంగా చూడాలంటే ప్రొటీన్లకు రంగు వేయాలి.

కణాలు పెంచే సదుపాయం, ఫ్లోరెసెన్స్ మైక్రోస్కోప్ మీకు అందుబాటులో ఉన్నాయనుకుని ఇది రాస్తున్నాను. రంగు వేసే పని ఒకటిన్నర రోజులో అయిపోతుంది. కష్టమంతా ఆ తర్వాత తెర మీద కనిపించే చుక్కలకు అర్థం చెప్పడంలోనే ఉంది. కాబట్టి లాబ్ పనిని కాస్త త్వరగా దాటేసి, చదవడం దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

ముందు ఎవరు ఎక్కడుంటారో కాగితం మీద గీసుకోండి

ఇది దాటవేయకండి. మ్యాప్ లేకుండా మైక్రోస్కోప్ ముందు కూర్చుంటే ప్రతి చుక్కా ఒకేలా కనిపిస్తుంది.

అడుగున సెన్ప్-ఏ ఉంటుంది. ఇది హిస్టోన్ హెచ్3కి దగ్గరి చుట్టం. హిస్టోన్లంటే డీఎన్‌ఏ చుట్టుకునే ప్రొటీన్లు, అలా చుట్టుకున్న ఒక్కో ఉండ న్యూక్లియోజోమ్. మనిషిలో 140 అమైనో ఆమ్లాల పొడవు, సుమారు 17 కిలోడాల్టన్ల బరువు. సెంట్రోమియర్ దగ్గర కొన్ని న్యూక్లియోజోముల్లో మామూలు హెచ్3 స్థానంలో ఇది కూర్చుంటుంది. కొన్నింటిలో మాత్రమే. అక్కడ కూడా ఎక్కువ న్యూక్లియోజోములు మామూలు హెచ్3వే. ఒక్కో మానవ సెంట్రోమియర్‌లో సెన్ప్-ఏ అణువులు దాదాపు 400 ఉంటాయని 2014లో లెక్కగట్టారు. ఇంత కొద్దిపాటి ప్రొటీనే మిగతా కట్టడమంతటికీ ఆధారం.

సెన్ప్-ఏ న్యూక్లియోజోమ్‌ను నేరుగా గుర్తుపట్టేవి ముఖ్యంగా సెన్ప్-సీ, సెన్ప్-ఎన్. సెన్ప్-సీ పట్టుకునేది సెన్ప్-ఏ చివరి తోకను, న్యూక్లియోజోమ్ మీద ఉండే ఆమ్ల గుణం గల మచ్చను. సెన్ప్-ఎన్ పట్టుకునేది మొదటి లూప్‌ను. ఈ రెండింటితో కలిపి మొత్తం 16 ప్రొటీన్లున్న బృందం కణచక్రం పొడవునా సెంట్రోమియర్‌ను అంటిపెట్టుకునే ఉంటుంది. దీన్ని సీసీఏఎన్ అంటారు. విభజన మొదలయ్యాక దాని మీద కేఎంఎన్ అనే బయటి పొర కట్టుకుంటుంది. ఈ మొత్తం కట్టడాన్నే కైనెటోకోర్ అంటారు. ఇందులో కేఎన్ఎల్1, మిస్12 బృందం, ఎన్‌డీసీ80 బృందం ఉంటాయి. మైక్రోట్యూబ్యూల్‌ను చేత్తో పట్టుకునేది ఎన్‌డీసీ80. అందులోని ముఖ్యమైన ప్రొటీన్‌ను లాబ్‌లలో హెక్1 అని పిలుస్తారు.

మ్యాప్‌లో ఇంకో రెండు గుర్తులు పెట్టండి. రెట్టింపైన క్రోమోజోమ్‌లోని రెండు ప్రతుల్ని సోదర క్రోమాటిడ్లు అంటారు; వాటి రెండు సోదర సెంట్రోమియర్ల నడుమ ఉండే ఖాళీలో అరోరా-బీ అనే కైనేజ్ (ఇతర ప్రొటీన్లకు ఫాస్ఫేట్ తగిలించే ఎంజైమ్), దాని భాగస్వాములు ఇన్‌సెన్ప్, సర్వైవిన్, బోరియాలిన్ ఉంటాయి. సెన్ప్-బీ దారి మాత్రం వేరు. ఈ సెన్ప్ కుటుంబంలో 17 బేస్ జతల ఒక నిర్దిష్ట డీఎన్‌ఏ వరసను చూసి అంటుకునేది అదే. ఈ తేడా ముందుముందు మీ లెక్కల్ని తారుమారు చేయగలదు.

కణాలు ఎంచుకోండి

మొదటిసారి చేస్తుంటే ఆర్‌పీఈ-1 (మనిషి రెటీనా నుంచి వచ్చిన కణాలు) తీసుకోండి. క్రోమోజోముల సంఖ్య 46 దగ్గరే నిలకడగా ఉంటుంది, కణాలు పలచగా పరుచుకుంటాయి. హీలా అనే క్యాన్సర్ కణాలు పెంచడం తేలికే, సిఆర్‌ఎన్‌ఏ (ఎంచుకున్న ప్రొటీన్ తయారీని ఆపే చిన్న ఆర్‌ఎన్‌ఏ) ప్రయోగాలకూ బాగా లొంగుతాయి. కానీ వాటిలో క్రోమోజోములు 70కి పైనే ఉంటాయి, ఒక్కో లాబ్‌లోని హీలా ఒక్కో లెక్క చెబుతుంది. చుక్కలు లెక్కపెట్టడం నేర్చుకోవడానికి అది సరైన కణం కాదు.

0.17 మిల్లీమీటర్ల మందమున్న కవర్‌స్లిప్‌ల మీద కణాలు వేయండి. మైక్రోస్కోప్ లెన్స్‌లు ఆ మందానికే తయారవుతాయి. పాలీలైసిన్ పూత ఉంటే మంచిది. విభజనలో ఉన్న కణాలు గుండ్రంగా మారి పట్టు వదిలేస్తాయి, పూత లేకపోతే కడిగేటప్పుడు మీకు కావలసినవే కొట్టుకుపోతాయి. మరుసటి రోజుకి కవర్‌స్లిప్ మీద మూడింట రెండొంతుల చోటు నిండేలా చూసుకుంటే చాలు.

మెటాఫేజ్ (క్రోమోజోములు కణం మధ్యలో బారు తీరే దశ) కణాలు ఎక్కువగా కావాలంటే ఎంజీ132 అనే మందు గంటసేపు ఇవ్వండి. ప్రొటీన్లను ముక్కలు చేసే ప్రోటియాజోమ్‌ను అది ఆపుతుంది. విభజన ముందుకు సాగాలంటే నాశనం కావలసిన సైక్లిన్-బీ, సెక్యూరిన్ అలాగే ఉండిపోయి కణం మెటాఫేజ్‌లోనే ఆగుతుంది. అలాగని గంటల తరబడి ఆపకండి. లాగుడు తట్టుకోలేక సోదర క్రోమాటిడ్లు మెల్లగా విడిపోవడం మొదలవుతుంది. మీరు చూసేది మీ ప్రయోగ ఫలితమా, ఆ మందు ఫలితమా అన్నది తేలదు.

యాంటీబాడీలు: తొందరపడకూడని చోటు

సెంట్రోమియర్ ప్రొటీన్ల కథ మొదలైంది రోగుల రక్తంలోనే. స్క్లెరోడెర్మా అనే వ్యాధిలో, ముఖ్యంగా క్రెస్ట్ అనే రకంలో, రోగి శరీరం తన సెంట్రోమియర్ల మీదే యాంటీబాడీలు తయారు చేసుకుంటుంది. 1980లో మొరోయ్, టాన్, వారి సహచరులు దీన్ని చూపించారు. 1985లో ఎర్న్‌షా, రాత్‌ఫీల్డ్ ఆ సీరమ్‌ల సాయంతోనే మూడు ప్రొటీన్లను గుర్తించి ఏ, బీ, సీ అని పేర్లు పెట్టారు. ఆ సీరమ్ ఇప్పటికీ మార్కెట్లో దొరుకుతుంది. లాబ్‌లలో ఏసీఏ అనో, క్రెస్ట్ సీరమ్ అనో అంటారు. ప్రకాశవంతంగా, నమ్మకంగా పనిచేస్తుంది. మనిషి రక్తం నుంచి వచ్చింది కాబట్టి గ్లవ్స్ లేకుండా ముట్టుకోకండి.

దీంతో ఒక చిక్కుంది. ఈ సీరమ్‌లలో చాలావాటికి సెన్ప్-బీ మీద గురి ఎక్కువ. సెన్ప్-బీ డీఎన్‌ఏ వరసను చూసి అంటుకుంటుందని చెప్పాను కదా. వై క్రోమోజోమ్ సెంట్రోమియర్‌లో ఆ వరస లేదు, నియోసెంట్రోమియర్లలోనూ లేదు. కాబట్టి పనిచేస్తున్న సెంట్రోమియర్ దగ్గర కూడా మీకు మసక చుక్కే కనిపించవచ్చు. అదే రెండు సెంట్రోమియర్ల క్రోమోజోమ్‌లో మూతపడిన దాని దగ్గర సెన్ప్-బీ నిక్షేపంగా ఉంటుంది, సెన్ప్-ఏ, సెన్ప్-సీ ఉండవు. ఏసీఏ చుక్క కనిపించింది కాబట్టి అక్కడ సెంట్రోమియర్ పనిచేస్తోందని రాసేస్తే అది తప్పు. నా సలహా: ఏసీఏను చోటు తెలుసుకోవడానికి వాడండి. పనిచేస్తోందా లేదా అన్న ప్రశ్నకు సెన్ప్-ఏ లేదా సెన్ప్-సీ మీద విడిగా తయారైన యాంటీబాడీ పక్కన పెట్టండి.

ప్రొటీన్‌ను పట్టుకునేది మొదటి యాంటీబాడీ, దాన్ని పట్టుకుని రంగు మోసేది రెండోది. రెండు రంగులు కలిపి వేసేటప్పుడు మొదటి యాంటీబాడీలు వేర్వేరు జంతువులవి కావాలి. ఏసీఏ మనిషిది, సెన్ప్-ఏ మీద బాగా వాడకంలో ఉన్నది చిట్టెలుకది, హెక్1 లేదా సెన్ప్-సీకి కుందేలుది దొరుకుతుంది. ఇలా ముందే జత కుదుర్చుకుంటే రెండో యాంటీబాడీల దగ్గర గందరగోళం ఉండదు.

స్థిరపరచడం, రంగు వేయడం

తేలిక దారి మైనస్ 20 డిగ్రీల మెథనాల్. మీడియం తీసేసి, పీబీఎస్‌తో ఒకసారి మెల్లగా కడిగి, చల్లటి మెథనాల్ పోసి, పది నిమిషాలు ఫ్రీజర్‌లో ఉంచండి. సెన్ప్-ఏకి ఇది బాగా సరిపోతుంది. కణం ఆకారం సరిగ్గా నిలవాలన్నా, దూరాలు కొలవాలన్నా 4 శాతం ఫార్మాల్డిహైడ్ మేలు. కాకపోతే సెంట్రోమియర్ క్రోమాటిన్ దట్టంగా ఉంటుంది, ఫార్మాల్డిహైడ్ దాన్ని ఇంకా బిగించేస్తే యాంటీబాడీ లోపలికి దూరలేదు. అందుకని స్థిరపరచడానికి ముందు అర నిమిషం నుంచి ఒక నిమిషం దాకా పలచటి ట్రైటాన్‌తో కడిగితే కరిగిపోయి తిరిగే ప్రొటీన్లు వెళ్లిపోయి, క్రోమాటిన్‌ను పట్టుకున్నవి మిగులుతాయి. వెనకాల మసక కూడా తగ్గుతుంది. మెథనాల్, ఫార్మాల్డిహైడ్ రెండూ విషాలే. ఫ్యూమ్ హుడ్‌లోనే పని చేయండి.

తర్వాతి వరస మీకు అలవాటైనదే. 3 శాతం బీఎస్ఏలో అరగంట ఉంచండి. మొదటి యాంటీబాడీలో గది ఉష్ణోగ్రత దగ్గర గంట, లేదా 4 డిగ్రీల దగ్గర రాత్రంతా. 0.1 శాతం ట్వీన్ కలిపిన పీబీఎస్‌తో మూడుసార్లు ఐదేసి నిమిషాలు కడగండి. రెండో యాంటీబాడీ వెలుతురు తగలకుండా నలభై ఐదు నిమిషాలు, మళ్లీ కడగడం. డీఎన్‌ఏకి అంటుకుని మెరిసే డాపీ రంగు ఐదు నిమిషాలు. స్లైడ్ మీద మౌంటింగ్ ద్రవం వేసి కవర్‌స్లిప్ బోర్లించండి. ఎక్కడా ఆరిపోనివ్వకండి. ఆరితే కేంద్రకం అంతా చుక్కలతో మెరుస్తుంది, వాటిలో ఏవి నిజమో దేవుడికే తెలియాలి.

కంట్రోల్ స్లైడ్లు కచ్చితంగా ఉండాలి. మొదటి యాంటీబాడీ లేకుండా రెండోది మాత్రమే వేసినది ఒకటి. రెండు రంగుల ప్రయోగమైతే ఒక్కో రంగే వేసినవి విడివిడిగా. ఈ స్లైడ్లు లేకపోతే ఒక రంగు ఇంకో దారిలోకి కారినా తెలియదు. రెండు ప్రొటీన్లూ ఒకే చోట ఉన్నాయని సంబరపడిపోతారు.

ఫొటో తీయడం

60 లేదా 100 రెట్ల ఆయిల్ లెన్స్, సంఖ్యా అపర్చర్ 1.4 ఉంటే సరి. 0.2 మైక్రాన్ల అంతరంతో కణం మందమంతా పొరలుగా తీయండి. ఒకే పొర తీసి చుక్కలు లెక్కపెట్టే వాళ్లను చూస్తుంటాను. సగం సెంట్రోమియర్లు కిందో పైనో ఉండిపోతాయి. ప్రకాశాన్ని కొలవాలనుకుంటే ఏ చుక్కా సాచురేట్ కాకుండా ఎక్స్‌పోజర్ పెట్టి, పోల్చే స్లైడ్లన్నిటికీ అదే ఉంచండి.

ఇక చుక్కల్ని చదవండి

మొదట కణం ఏ దశలో ఉందో తేల్చుకోండి. ఆ తర్వాతే ప్రొటీన్ గురించి ఆలోచించండి. సెంట్రోమియర్ విషయంలో దశ తెలియని చుక్కకు అర్థం లేదు.

జీ1 దశలో (విభజన అయ్యాక, డీఎన్‌ఏ రెట్టింపు కాకముందు) ఉన్న ఆర్‌పీఈ-1 కేంద్రకంలో ఒంటరి చుక్కలు కనిపిస్తాయి. లెక్క 46 రావాలి కానీ అంతకంటే తక్కువే వస్తుంది. సెంట్రోమియర్లు న్యూక్లియోలస్ చుట్టూ గుమిగూడటం మామూలే కాబట్టి రెండు మూడు కలిసి ఒకటిగా కనిపిస్తాయి. దీనికి టెన్షన్ పడక్కర్లేదు. డీఎన్‌ఏ రెట్టింపయ్యాక ఉండే జీ2కి వచ్చేసరికి చాలా చుక్కలు జంటలవుతాయి. మెటాఫేజ్‌లో పళ్లెంలా అమరిన డాపీ మీద జంటలు బారులు తీరతాయి. సరిగ్గా తీసి ఉంటే 92 చుక్కలకు దగ్గరగా రావాలి.

ఇప్పుడు ప్రకాశం చూడండి. డీఎన్‌ఏ ఎస్ దశలో రెట్టింపవుతుంది. మామూలు హిస్టోన్లు అప్పుడే కొత్తవి చేరతాయి. సెన్ప్-ఏ అలా చేరదు. ఉన్నదే రెండు సోదర క్రోమాటిడ్లకు పంచుకుపోతుంది. కాబట్టి విభజన సమయంలో ఒక్కో చుక్కలో ఉండేది సుమారు సగమే. కొత్త సెన్ప్-ఏ వచ్చి చేరేది విభజన ముగింపులో, టెలోఫేజ్ చివర నుంచి జీ1లో అని 2007లో తేలింది. తెచ్చి అమర్చేది హెచ్‌జర్ప్ అనే చాపరోన్ (హిస్టోన్‌కు తోడుండే ప్రొటీన్), 2009లో గుర్తించారు. దానికి చోటు చూపించేది మిస్18 బృందం. విభజన ముందు దశల్లో సీడీకే కైనేజ్‌లు ఈ పనిని ఆపి ఉంచుతాయి. విభజన అయ్యాక ఆ అడ్డు తొలగుతుంది, పీఎల్‌కే1 తోడవుతుంది. అందుకే ఏ దశ కణాలో చూడకుండా అన్నిటినీ కలిపి సగటు తీస్తే, సెన్ప్-ఏ తగ్గిందన్న మీ ఫలితం నిజానికి జీ2 కణాలు ఎక్కువయ్యాయన్న సంగతే కావచ్చు.

దీన్ని మీరే పరీక్షించుకోవచ్చు. అదే కవర్‌స్లిప్ మీద మిస్18 బృందంలోని ఎం18బీపీ1కి గానీ హెచ్‌జర్ప్‌కి గానీ మైక్రోట్యూబ్యూల్స్‌ను కట్టే ట్యూబులిన్‌తో కలిపి రంగు వేయండి. పక్కపక్కనే ఉండి, మధ్యలో సన్నటి ట్యూబులిన్ వంతెన ఇంకా మిగిలిన కణాల జంటలు ఇప్పుడే విభజన పూర్తి చేసినవి. వాటి సెంట్రోమియర్ల మీద హెచ్‌జర్ప్ మెరవాలి, మెటాఫేజ్ కణాల్లో ఆ మెరుపు ఉండకూడదు. అలా రాకపోతే యాంటీబాడీని అనుమానించండి.

దూరం కొలవండి

మెటాఫేజ్‌లో జంట చుక్కల మధ్య దూరం చిన్న కొలతే, చాలా చెబుతుంది. తాడాటలో రెండు జట్లు సమానంగా లాగినప్పుడు తాడు ఎలా బిగుస్తుందో, రెండు ధ్రువాలకూ సరిగ్గా అంటుకున్న సోదర సెంట్రోమియర్లు అలా దూరం జరుగుతాయి. నొకడజోల్ ఇచ్చి మైక్రోట్యూబ్యూల్స్‌ను కరిగించేస్తే లాగేవాళ్లుండరు, దూరం తగ్గిపోతుంది. మానవ కణాల్లో ఈ దూరం ఒక మైక్రాన్‌కు కాస్త అటూ ఇటూ ఉంటుంది. రెండు పరిస్థితులనూ అదే రోజు, అవే కణాల్లో కొలిచి పోల్చండి. ఇంకొకరి అంకెలతో పోల్చడం అంత మంచిది కాదు.

ఇక్కడ అరోరా-బీ పని అర్థమవుతుంది. అది రెండు చుక్కల మధ్య ఖాళీలో ఉంటుంది. లాగుడు లేనప్పుడు హెక్1 వంటి బయటి ప్రొటీన్లు దానికి దగ్గరగా ఉంటాయి, అది వాటికి ఫాస్ఫేట్ తగిలించి పట్టు సడలిస్తుంది. తప్పుగా అంటుకున్న మైక్రోట్యూబ్యూల్ ఊడిపోయి మళ్లీ ప్రయత్నించే వీలు చిక్కుతుంది. లాగుడు సరిపడా ఉన్నప్పుడు ఆ పట్టు నిలుస్తుంది. ఇందులో దూరం పాత్ర ఎంత, మిగతావాటి పాత్ర ఎంత అన్న చర్చ ఇంకా నడుస్తోంది. కాబట్టి ఒక్క దూరం కొలిచి మొత్తం కథ చెప్పేయకండి. మ్యాడ్2 అనే ప్రొటీన్‌కి కూడా రంగు వేయండి. మైక్రోట్యూబ్యూల్ అంటని కైనెటోకోర్ మీద అది మెరుస్తుంది, అంటుకున్నాక వెళ్లిపోతుంది. స్థిరపరిచే ముందు పది నిమిషాలు ఐస్ మీద ఉంచితే వదులుగా ఉన్న మైక్రోట్యూబ్యూల్స్ కరిగిపోయి, కైనెటోకోర్‌ను గట్టిగా పట్టుకున్న కట్టలు మిగులుతాయి. అవి ఎవరికి అంటుకున్నాయో కంటితోనే చూడొచ్చు.

సెన్ప్-ఏ, హెక్1 మధ్య దూరం కొలవాలనుకుంటే జాగ్రత్త. ఆకుపచ్చ వెలుతురులో మంచి లెన్స్‌కైనా విడదీసి చూపగల హద్దు దాదాపు 220 నానోమీటర్లు. ఈ రెండింటి దూరం అంతకంటే తక్కువ. ఒక్కో చుక్క కేంద్రాన్ని లెక్కగట్టి దూరం తీయవచ్చు. దానికి ముందు అన్ని రంగుల్లోనూ మెరిసే చిన్న పూసల్ని ఫొటో తీసి, రంగుల మధ్య లెన్స్ తెచ్చే జరుగుడును సరిదిద్దాలి. ఇది చేయకపోతే మీరు కొలిచింది మీ లెన్స్ లోపాన్నే.

ఒక ప్రొటీన్ తీసేసి చూడండి

ఎవరు ఎవరిపై ఆధారపడ్డారో తేల్చాలంటే ఒకరిని తీసేయాలి. సెన్ప్-సీని తగ్గిస్తే మిస్12 బృందం చాలావరకు పడిపోవాలి, సెన్ప్-ఏ మాత్రం వెంటనే పడిపోకూడదు. హెక్1 తీస్తే లోపలి పొర అలాగే ఉండి, క్రోమోజోములు మధ్యకు చేరలేక చెల్లాచెదురవుతాయి. ఇలా ఒక్కో ప్రయోగంతో మీరు ముందు గీసుకున్న మ్యాప్‌లో బాణాలు పెట్టుకుంటూ పోవచ్చు.

సెన్ప్-ఏ దగ్గర ఓపిక కావాలి. అది ఒకసారి క్రోమాటిన్‌లో కూర్చుంటే చాలాకాలం కదలదు. సిఆర్‌ఎన్‌ఏ కొత్తది తయారు కాకుండా ఆపుతుంది, పాతది మాత్రం విభజనకు సగం చొప్పునే పలచబడుతుంది. మరుసటి రోజే స్లైడ్ చూసి ప్రయోగం ఫెయిలైందని అనుకోవద్దు, 48 నుంచి 72 గంటలు ఇవ్వండి. వెంటనే తీసేయాలంటే ఆక్సిన్ ఇస్తే నాశనమయ్యే ట్యాగ్ తగిలించిన కణాలు వాడాలి.

జీఎఫ్‌పీ అనే పచ్చగా మెరిసే ప్రొటీన్ తగిలించిన సెన్ప్-ఏ వాడుతుంటే ఉల్టా సమస్య వస్తుంది. మోతాదు మించి తయారైతే అది సెంట్రోమియర్ దాటి క్రోమోజోమ్ చేతుల మీదకూ పాకుతుంది, అందుకు డాక్స్ అనే ఇంకో చాపరోన్ దారి ఇస్తుంది. ఫొటోలో కేంద్రకమంతా పచ్చగా కనిపిస్తే అది కొత్త ఆవిష్కారం కాదు, మోతాదు ఎక్కువైంది. మసకగా మెరిసే కణాలున్న క్లోన్‌ను ఎంచుకోండి.

మనిషి కణాలు కాకపోతే

పేర్లు మారతాయి. ఈస్ట్‌లో సీఎస్ఈ4, పండ్ల ఈగలో సీఐడీ, మొక్కల్లో సెన్‌హెచ్3. పని అదే. రొట్టె ఈస్ట్ సెంట్రోమియర్ కేవలం 125 బేస్ జతలే, అక్కడ డీఎన్‌ఏ వరసకే పెత్తనం. 16 సెంట్రోమియర్లు గుంపుగా ఉండటంతో మైక్రోస్కోప్‌లో ఒకటో రెండో చుక్కలుగా కనిపిస్తాయి. సి. ఎలిగాన్స్ పురుగులో క్రోమోజోమ్ పొడవునా సెంట్రోమియర్ పనే జరుగుతుంది, కాబట్టి చుక్క బదులు గీత కనిపించాలి. చిట్టెలుక కణాల్లో డాపీ బాగా మెరిసే ముద్దలు కనిపిస్తాయి. అవి సెంట్రోమియర్ పక్కనుండే శాటిలైట్ డీఎన్‌ఏ. సెన్ప్-ఏ చుక్కల్ని ఆ ముద్దల అంచుల్లో వెతకండి.

యాంటీబాడీ మాత్రం కొత్తగా చూసుకోవాల్సిందే. సెన్ప్-ఏ ముందు తోక ఒక్కో జీవిలో ఒక్కోలా ఉంటుంది. మనిషి సెన్ప్-ఏ తోక మీద తయారైన యాంటీబాడీ చిట్టెలుకలో చుక్క చూపకపోవచ్చు, మొక్కలో అయితే ఆశలే పెట్టుకోకండి. మీ జీవి తోక వరస తీసుకుని, దాంతో పెప్టైడ్ చేయించి, కుందేలులో యాంటీబాడీ తయారు చేయించడమే మామూలు పద్ధతి. అది చేతికొచ్చాక ముందు వెస్టర్న్ బ్లాట్‌లో సరైన బరువు దగ్గర ఒకే గీత వస్తుందో లేదో చూసుకోండి, ఆ తర్వాతే స్లైడ్ మీద వేయండి.